కొమ్ములు రాకుండా

మా అమ్మాయి హాసిని కబడ్డీ ఆడుతుందని చెప్పుకోవడంలో నాకున్నంత గర్వం ఆడే దానిక్కూడా లేదు. తాండూరులో మా ఆయనది కందుల వ్యాపారం. దుకాణానికి వచ్చినవాళ్లు కందుల ధర అడిగితే నేను ముందు పిల్ల తెచ్చిన పాయింట్లు చెప్పేదాన్ని. ధర సంగతి ఆయనే చూసుకునేవారు.

మా ఇంటి పక్క ఖాళీ జాగాలోనే రోజూ ప్రాక్టీసు. మా పిల్ల కూతకు వెళ్తుంది, దాని స్నేహితురాలు మనీషా పట్టుకుంటుంది. ఆ పెనుగులాటలో ఎప్పుడో ఒకప్పుడు రెండు తలలూ ఠంగుమంటాయి. అప్పుడు నేను గోడ మీదినుంచి కేకేసేదాన్ని.

"ఒక్కసారి తగిలితే కొమ్ములొస్తయే! ఇంకోసారి గుద్దుకోండ్రి!"

బుద్ధిమంతులు, గుద్దుకునేవాళ్లు. ఏదో తాకించామనిపిస్తే నేను ఒప్పుకునేదాన్ని కాదు, చప్పుడు వినపడాల్సిందే. ముగ్గురం పడీ పడీ నవ్వేవాళ్లం.

నెల రోజులుగా హాసిని వరస మారింది. చాయ్‌లో ఉప్పు వేసింది. ఫోన్ ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికించింది. ఎండ చూస్తే తలనొప్పి అంటుంది. అన్నం కాస్త మెత్తబడిందని కంచం నెట్టేసింది. పక్కింటివాళ్ల బర్రె చచ్చిపోతే పకపకా నవ్వింది. వయసు తిక్క అనుకున్నాను. నాకూ ఆ వయసులో తిక్క ఉండేది, ఇప్పుడూ తగ్గలేదని మా ఆయన అంటారు.

మొన్న ఆదివారం వికారాబాద్‌లో సెలక్షన్లు. అందులో నెగ్గితే రాష్ట్ర క్యాంపు. మనీషాను ఎదుటి జట్టులో వేశారు. మా పిల్ల వరసగా ఏడు పాయింట్లు తెచ్చింది. నేను అరిచిన అరుపులకు పక్కనున్నావిడ లేచి వేరేచోట కూర్చుంది. ఎనిమిదో కూతలో మనీషా అడ్డం వచ్చింది. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. మనీషా లేచి నా వైపు చూసింది. నేను రెండు వేళ్లు చూపించాను. పాపం, మళ్లీ గుద్దుకున్నారు.

తరువాతి కూతకు హాసిని గీత దాటింది. గట్టిగా ఊపిరి పీల్చి మొదలుపెట్టింది.

"కందిపప్పు కందిపప్పు కందిపప్పు కందిపప్పు..."

మైదానం మొత్తం ఘొల్లుమంది. అంపైర్ ఈల ఊదబోయి, నవ్వాపుకోలేక ఊదలేకపోయాడు. ఎదుటి జట్టు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. నేనూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. చివరికి ఈల మోగింది, కూత తప్పని ఎదుటివాళ్లకు పాయింటు ఇచ్చారు. హాసిని మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని అంపైర్‌తో తగువుకు దిగింది.

"కబడ్డీ అనే అన్న కద సార్! ఎందుకు నవ్వుతున్రు?"

అది ఆటపట్టించడం లేదు. దానికి నిజంగానే తెలియదు. గట్టు దిగి పరుగెత్తాను.

ఆస్పత్రిలో స్కానింగ్ తీశారు. తలలో రక్తం గడ్డకట్టలేదన్నారు. డాక్టరమ్మ అడిగింది, "ఈ మధ్య తలకు ఎన్నిసార్లు తగిలిందమ్మా?"

"ఆరుసార్లు కావచ్చు మేడం," అన్నాను. మళ్లీ నేనే అడిగాను, "కొమ్ములు రాకుండ కొట్టుకున్నయి గుడ లెక్కనేనా?"

ఆవిడ కలం కింద పెట్టింది. నేను మొత్తం చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. ఒక్కొక్కటీ చిన్నదెబ్బే అయినా, ఒకటి మానకముందే ఇంకోటి తగిలితే మెదడు తట్టుకోలేదని, మతిమరుపు, కోపం, వేళకాని నవ్వు అన్నీ అందుకేనని చెప్పింది. మళ్లీ పరీక్ష చేసి సరేననేదాకా ఆట వద్దంది. ఇవాళ అడిగిందే అడుగుతుంది, భయపడొద్దు, వాంతి అయినా లేపితే లేవకపోయినా వెంటనే తీసుకురమ్మంది. నా బిడ్డను నేనే కొట్టించుకున్నాను.

బస్సెక్కామో లేదో కోచ్ పరమేశ్ సార్ ఫోన్. "హాసిని సెలెక్ట్ అయింది వదినా! వచ్చే సోమవారం క్యాంపు!"

"జర ఆగుండ్రి సార్, రాత్రికి మాట్లాడ్త," అని పెట్టేశాను.

పక్కనే విన్న హాసిని ఎగిరి గంతేసింది. నన్ను ముద్దులతో ముంచెత్తింది. కండక్టర్‌కు కూడా చెప్పింది. క్యాంపుకు పోయేది లేదని నేను మెల్లగా చెప్తే, ఎందుకంది. "డాక్టరమ్మ వద్దన్నది," అన్నాను. ఏడ్చింది.

ధారూరు దాటాక కళ్లు తుడుచుకుని అడిగింది, "అమ్మా, నేను సెలెక్ట్ అయిన్నా?"

"ఐనవ్ బిడ్డా."

మళ్లీ అదే గంతు, అవే ముద్దులు, మళ్లీ కండక్టర్. ఆయన కూడా పాపం మళ్లీ కొత్తగా సంతోషించాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈసారి సార్ వద్దన్నారని అబద్ధమాడాను. సార్‌ను తిట్టింది, కాసేపటికి అదీ మర్చిపోయింది.

మూడోసారి అడిగింది. మూడోసారీ గంతేసింది. "క్యాంపుకు ఏం బట్టలు పెట్టుకోవాలె?" అంది.

"నువ్వు పోతలేవు."

"ఎవరు వద్దన్నరు?"

"నేనే. నేనే వద్దంటున్న," అన్నాను.

"నువ్వు నాకు అమ్మవే గాదు, పో," అని కిటికీ వైపు తిరిగిపోయింది. మళ్లీ ఎప్పుడు తిరిగి అడుగుతుందా అని ఒక్కో ఊరూ చూస్తున్నాను. అడగలేదు. తాండూరు బస్టాండులో దిగేటప్పుడు చేయందిస్తే విదిలించుకుంది.

"క్యాంపుకు పంపనిదానివి, చెయ్యెందుకు?" అంది.

మర్చిపోలేదు! నా మీద కోపం మర్చిపోలేదు! బస్టాండు మధ్యలో, అంతమంది చూస్తుండగా, ఈ వయసులో నేను ఎగిరి గంతేశాను.