రెండు గాట్ల కట్టె

ఓబుళరెడ్డి తన షెడ్డు ముందర కొత్త రేకులు వేయిస్తున్నాడనీ, రాధిక గుంపుకు వచ్చే చిన్న ట్రాక్టరు దానికిందే నిలబడుతుందనీ వెంకటసుబ్బమ్మ కొళాయి దగ్గర చెప్పిందట. ఆ మాట దిల్షాద్‌బీ ఆటోలో రాధిక చెవిన వేసేసరికి జమ్మలమడుగు వచ్చేసింది.

"ఇంగా బండే కొనకపాయె. షెడ్డు ఎందుకు లేపుతాండాడక్కా?"

"నన్నడిగితే? ఆయమ్మ చెప్పింది నేను చెప్తాండా."

తొమ్మిదింటికి వచ్చిన గుంపులోని అయిదుగురు ఆడవాళ్లూ ట్రాక్టర్ల షోరూం గోడవార ఎండలోనే నిలబడ్డారు. ఓబుళరెడ్డి కారు పన్నెండున్నరకు వచ్చింది. అయిదుగురికీ ఎకరా, ఎకరన్నర చీనీ బత్తాయి చెట్లు ఉన్నాయి. వాటితో కడుపు నిండక, రోజుకు మూడువందల యాభైకి ఆయన తోటలోనే కలుపు తీస్తారు. ఆడరైతుల గుంపుకు సర్కారు ట్రాక్టరు సగం ధరకే ఇస్తుందని కాగితాలు రాయించింది ఆయనే. ఆ రోజు అందరూ దండం పెట్టారు.

రాధిక దండం పెట్టి ఊరుకోలేదు. పోయినేడు ఆయన పెద్ద ట్రాక్టరును గంటకు పన్నెండు వందలిచ్చి పిలిస్తే, ఆయన సేద్యమంతా అయినాక, నేల పదును ఆరిపోయినాక వచ్చింది. వచ్చి కాయ నిండిన కొమ్మలు రెండు విరిచిపోయింది. అందుకే ఆమె విరిగిన పార కట్టె ఒకటి తీసుకుని, తన చెట్ల కింది కొమ్మ ఎత్తుకు పైన ఒక గాటు, రెండు డ్రిప్పు పైపుల నడిమి జాగాకు కింద ఒక గాటు పెట్టుకుంది.

ఆ కట్టెతోనే ముందుగా వేరే ఊళ్ల షోరూముల్లో బండ్లు కొలిచింది. పులివెందుల బండి వెడల్పు. ప్రొద్దుటూరు బండి రెండు గాట్లకూ సరిపోయింది గానీ ధర జమ్మలమడుగు బండికన్నా ముప్పైవేలు ఎక్కువ. ఆ షోరూం ఎదురుగా ఉండే మెకానిక్కు హుమాయున్ రెంచీ తుడుచుకుంటూ చెప్పాడు: "కొత్తలో అన్నీ బాగనే తిరుగుతాయి చెల్లెమ్మా. చెడిపోయిన్నాడు సామాను యాడ దొరుకుతాదో అదడుగు. దీనికి నా తావనే ఉండాది. జమ్మలమడుగు బండికి బోల్టు గావాలన్నా పది దినాలు కాసుకోవాల." తక్కువ ధర బండి కొంటే మిగిలే ముప్పైవేలు రిపేర్లలో ఎక్కడ పోతాయో రాధికకు అప్పుడే తెలిసింది.

జమ్మలమడుగు షోరూం శశిధర్‌ది. శశిధర్ ఓబుళరెడ్డి బామ్మర్ది.

సేల్స్‌మన్ భార్గవ్ బండి గుణాలన్నీ రెడ్డికే చెప్పాడు. ఆడవాళ్లకు కూల్‌డ్రింకులిచ్చి, ఫొటోకు బండి ముందర నిలబెట్టాడు. రాధిక నిలబడినచోటే కట్టె ఆనించి చూసింది. పొగగొట్టం పైగాటుకు జానెడు మీదికి పోయింది. చక్రాలు కింది గాటును నాలుగు వేళ్లు దాటాయి.

"అక్కా, కట్టెతో కొలిచి కొనేదానికి ఇదేమన్నా మంచమా?" భార్గవ్ నవ్వాడు.

"మంచమైతే కొలిచే పనేముందప్పా? పట్టకపోతే కింద పండుకుంటాం."

ఆడవాళ్లు నవ్వబోయి, రెడ్డి ముఖం చూసి ఆగిపోయారు.

"అది నా తోటలో బాగనే తిరుగుతాదిలేమ్మే. మీకు నెలకొక గంట తోలిస్తా. సంతకం పెట్టు," అన్నాడాయన.

మిగతా నలుగురూ అప్పటికే పెట్టేశారు. దిల్షాద్‌బీ వేలిసిరా కొంగుకు తుడుచుకుంటూ తలెత్తలేదు. అయిదో గడి ఖాళీగా ఉంది. అది నిండకపోతే కాగితం కదలదు.

ఓబుళరెడ్డి గొంతు పెంచలేదు. "రేపు తోటలేకి ఎవురెవురు రావాలని మేస్త్రీ అడుగుతాడు. ఏం చెప్పమంటావు?"

రాధిక మొగుడు శివకు చిలమకూరులో సిమెంటు మూటలెత్తే పని వారానికి మూడు దినాలే. పిల్లల బడులు తెరిచే కాలం. దిల్షాద్‌బీ ఆమె మోచేయి గిల్లింది. "పెట్టేయ్ రాధికా. మా కూలి గూడా పోగొడతావు."

భార్గవ్ పెన్ను చాపాడు. రాధిక రెండు చేతులా కట్టె పట్టుకునే ఉంది.

"రాధిక రాదని చెప్పు రెడ్డీ. మా పేరుతో కొనేదైతే మా చెట్లకింద దూరాల. నీ షెడ్డులో దూరేదైతే నీ పేరుతోనే కొనుక్కో."