తలుపుకు ఆనించిన భుజం

మా తమ్ముడి నవలలో తుఫాను మాతృత్వానికి ప్రతీకట. పత్రికలో అలాగే రాశారు. నా మొహం ప్రతీక! ఆ రోజు మా లాండ్రీ కప్పు మీద రేకులు లేచిపోయాయి. నా ఎడమ భుజం విరిగింది. సరిగ్గా అతుక్కోలేదు. ఇప్పటికీ బరువైన ఇస్త్రీపెట్టె కుడిచేత్తోనే ఎత్తుతాను.

నవలలో ఏముందంటే, గాలికి తలుపు గడియ ఊడిపోతుంది. తల్లి తలుపుకు భుజం ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, గాలి తగ్గేదాకా అలాగే నిలబడుతుంది. ఇస్త్రీ బల్ల కింద దాక్కున్న పసివాడు ఆమె వీపునే చూస్తూ ఏడుపు మానేస్తాడు. అది చదివి జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ వీపు నాది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో వాడి తప్పు లేదు. అప్పటికి వాడింకా పసివాడు. మా లాండ్రీలో అందరమూ ఒకే రకం నీలం కోట్లు వేసుకుంటాం. ఆ మధ్యాహ్నం నేను తొడుక్కున్నది అమ్మ కోటు, మడమల దాకా వేలాడుతోంది. బల్ల కింద నుంచి వాడికి కనిపించింది ఆ కోటే. అమ్మ అనుకున్నాడు.

అమ్మేమో పెరట్లో ఉంది. తీగల మీద ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లు ఎగిరిపోతున్నాయని, "తమ్ముణ్ణి చూస్తూ ఉండు" అని పరుగెత్తింది. గాలి ముదిరాక దుప్పట్లతో సహా సామాన్ల గదిలోకి దూరి తలుపేసుకుంది. అంతా సద్దుమణిగాక మూటతో వచ్చి, "ఒక్కటి కూడా పోలేదు" అంది. నా చెయ్యి వేలాడుతోందన్న సంగతి ఆ తర్వాత గమనించింది. అమ్మ బాధపడుతుందని ఆ ముచ్చట నేనెప్పుడూ ఎత్తలేదు. తమ్ముడికి తెలిసే దారే లేదు.

ఇప్పుడు పత్రిక నుంచి ఒక అమ్మాయి అమ్మతో మాట్లాడ్డానికి లాండ్రీకే వస్తోందని తెలిసింది. అమ్మతో ముందే చెప్పాను. "నిన్ను నువ్వు తిట్టుకోనక్కర్లేదు. ఆ తలుపు పట్టుకున్నది మా పెద్దదే అను, చాలు."

"చూద్దాంలే" అంది అమ్మ.

తమ్ముడు నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. అంత పేరొచ్చినా ఇంట్లో వాడింకా చంటోడే. పత్రికమ్మాయి అమ్మ పక్కన కూర్చుని, "ఆ రోజు భయం వెయ్యలేదాండీ?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. తర్వాత వాడి వైపు చూసింది. వాడి కళ్ళు అప్పుడే చెమర్చాయి.

"భయమా? పిల్లాడు లోపలుంటే భయమెక్కడిదమ్మా! తలుపు వదిలితే నా చంటోడు దక్కుతాడా?"

"మరి మీ అమ్మాయి?"

"అదీ అక్కడే ఉంది. బల్ల కింద, తమ్ముణ్ణి పట్టుకుని."

ఇస్త్రీపెట్టెను దబ్బున దించాను. వినపడాలనే దించాను. వెనక గదిలోకి వెళ్ళిపోతే అమ్మ నా వెనకే వచ్చింది.

"ఎంత చక్కగా చెప్పావే అమ్మా! మరి నా భుజం ఎవరు విరిచారు?"

"మెల్లిగా అనవే, వింటారు."

"విననీ. నేను అక్కడే చచ్చి ఉంటే? అప్పుడేం చెప్పేదానివి?"

"నీ భుజం నీకుంది కదే" అంది అమ్మ. "నాకేముంది? దుప్పట్ల మూట. వాడు ఇన్నేళ్ళుగా నన్ను ఆ తలుపు దగ్గర నిలబెట్టుకుని చూసుకుంటున్నాడు. ఇప్పుడు వెళ్ళి, నాయనా, నేను అక్కడ లేను అని చెప్పమంటావా? ఆ తలుపొక్కటీ నాకొదిలెయ్యవే. నీకు పుణ్యముంటుంది."

జాలేసిందంటే అబద్ధం. కడుపు మండిపోయింది. తప్పయిపోయిందే అని ఒక్క మాట అంటుందేమోనని ఇన్నేళ్ళూ కాచుకున్నాను. దాని బదులు ఇంకా నన్నే అడుగుతోంది!

ఇంతలో బయట నుంచి, పత్రికమ్మాయితో వచ్చిన ఫొటోగ్రాఫర్ కేక వేశాడు. అమ్మగారు నీలం కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడితే బాగుంటుందట. అమ్మ పని మానేసి చాలాకాలమైంది, ఆవిడకు కోటెక్కడిది? నా ముందు చెయ్యి చాపింది.

"నీది ఇలా ఇవ్వవే."

విప్పి ఇచ్చాను. ఎందుకిచ్చానో అడక్కండి. అమ్మ అది తొడుక్కుని, అందరూ చూస్తుండగా తలుపుకు కుడి భుజం ఆనించి నిలబడింది. నోరు మూసుకుందామనే అనుకున్నాను. నా వల్ల కాలేదు.

"కుడిది కాదు. ఎడమది" అన్నాను.

అమ్మ నా వైపు చూడకుండా భుజం మార్చుకుంది. తమ్ముడు మురిసిపోతూ పత్రికమ్మాయి వైపు తిరిగాడు.

"చూశారా మా అక్కని? బల్ల కింద దాక్కునే అన్నీ ఎలా కనిపెట్టిందో!"