రెండో వయొలిన్ ఎ. పాయో

మహీధర్‌కి ఒక జబ్బుంది. ట్రైన్లో పక్కవాడు పేపరు చదువుతుంటే మెడ వంచి వెనకపేజీ చదవకుండా ఉండలేడు. ఎదుటి సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటుంటే భాష తెలియకపోయినా చెవి అటే పడేస్తాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా" అని కాకినాడలో వాళ్ళమ్మ ఎన్నిసార్లు తిట్టినా ఆ దురద తగ్గలేదు. సింగపూరొచ్చాక ఇంకా ముదిరింది.

అది పంతొమ్మిదివందల తొంభైతొమ్మిది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని లోకం గుండెలు బాదుకుంటున్న రోజులు. ఆ భయం పుణ్యమా అని తెలుగు కుర్రాళ్ళు విమానాలెక్కి వచ్చి ఉద్యోగాల్లో పడుతున్నారు. తంజోంగ్ పగార్‌లోని మహీధర్ కంపెనీలో అందరూ బ్యాంకుల పనుల్లో మునిగి ఉంటే, ఎవరికీ అక్కర్లేని చిన్న పనొకటి అతని నెత్తిన పడింది. ఒక పాత పాశ్చాత్య సంగీత సంఘానికి డెబ్భై ఏళ్ళు నిండుతున్నాయట. పాత ఫొటోలు, వాయించినవాళ్ళ జాబితా, స్వరాల కాగితాలు అన్నీ కలిపి ఒక సీడీ చేసిపెట్టాలి.

జాబితాలో ఒక్కొక్కరికీ నాలుగు కాలమ్‌లు: పేరు, వాద్యం, సంవత్సరం, జాతి. జాతి దగ్గర చైనీస్, మలే, ఇండియన్, ఇతరులు అని నాలుగు మాటలుంటాయి. వాటిలో ఒకటి నొక్కకపోతే పేజీ ముందుకు కదలదు. సంఘం కార్యదర్శి మిస్ లిమ్ అలాగే కావాలంది, మహీధర్ అలాగే కట్టాడు.

"సంగీతానికి జాతెందుకు మేడమ్?" అని ఊరుకోలేక అడిగాడు.

అరవయ్యేళ్ళ మిస్ లిమ్ కళ్ళజోడు మీదుగా చూసింది. ఇక్కడివాళ్ళందరిలాగే ఆమెకూ మాట చివర 'లా' అనడం అలవాటు. "ఈ దేశంలో ఏ ఫారమ్ తీసినా అది ఉంటుంది లా. పైగా నాకది కావాలి. నేను లండన్‌లో వయొలిన్ పరీక్షకి వెళ్ళినప్పుడు పరీక్షకుడు ఏమన్నాడో తెలుసా? 'నీ వేళ్ళు బాగున్నాయి, కానీ ఈ సంగీతం మీ రక్తంలో లేదు' అన్నాడు. ఆ మాటకి నలభై ఏళ్ళుగా జవాబు వెతుకుతున్నాను."

ఆమెకు దొరికిన జవాబు అప్పటికే, సీడీతోపాటు సంఘం వేయిస్తున్న పుస్తకం అట్ట మీదికి ఎక్కడానికి సిద్ధంగా ఉంది. 'మొదటినుంచీ మా ఆర్కెస్ట్రాలో అన్ని జాతులవారూ వాయించారు' అన్న వాక్యం. దానికి సాక్ష్యం ఒకే ఒక్కడు. పంతొమ్మిదివందల ముప్ఫైఏడు జాబితాలో యాభైమంది తెల్లవాళ్ళ మధ్య ఒక ఫిలిప్పీన్స్ మనిషి, రెండో వయొలిన్, ఎ. పాయో. హోటళ్ళ బ్యాండ్లలో మనీలావాళ్ళు వాయిస్తుండేవారు కాబట్టి వాళ్ళకి ఈ సంగీతం వచ్చునని దొరలు ఒప్పుకున్నారట. తెల్లవాళ్ళు కాని మిగతావాళ్ళ చెవులు దీనికి పనికిరావని వాళ్ళ నమ్మకం.

"ఒక్కడుంటే అన్ని జాతులూ అయిపోతాయా?" అన్నాడు మహీధర్.

"సున్నా కంటే ఒకటి పెద్దది కాదా?" అంది మిస్ లిమ్. లెక్కల్లో ఆమెదే ఒప్పు.

మర్నాడు బీరువా తెరిచి పాత స్వరాల కాగితాలు ఒక్కొక్కటే స్కాన్ చేస్తున్నాడు. ఐదు గీతల మీద నల్ల చుక్కలు. అతనికి అవి గోడమీద చీమల బారుకన్నా ఎక్కువ కాదు. రెండో వయొలిన్ కట్ట విప్పేసరికి గీతల కింద పెన్సిల్‌తో ఏవో గీకుళ్ళు కనిపించాయి.

"అవి పాయో గుర్తులు," అంది మిస్ లిమ్. "పూర్వం వాళ్ళ దేశంలో ఉండిన లిపి అని ఒక ప్రొఫెసరు వచ్చి కాపీ కూడా తీసుకెళ్ళాడు. ఇంకా తేల్చలేదు."

మహీధర్ కాగితం దీపం కిందికి జరిపాడు. తర్వాత తలకిందులుగా తిప్పాడు. మళ్ళీ తిన్నగా పెట్టాడు. ఆపైన పెద్దగా నవ్వేశాడు.

స స రి గ. గ మ ప ప. దాని పక్కన, 'దొర సెయ్యి దించేదాకా ఆగు.' ఇంకో పేజీలో, 'ఈడ పరిగెత్తకు, ముసలి దొర కోప్పడతాడు.'

ఆ ప్రొఫెసరు ఇంకో వందేళ్ళు కూర్చున్నా తేల్చలేడు. కాకినాడలో అక్క వయొలిన్ నేర్చుకుంటుంటే గోడవతల హోంవర్కు చేసుకున్న మహీధర్‌కి ఆ అక్షరాలు నిద్రలో లేపినా వచ్చు. ఆ ఇంట్లో అందరూ వయొలిన్ మనదే అనుకునేవారు. తెల్లవాడి దగ్గర తెచ్చుకుని, కుర్చీలోంచి దింపి చాపమీద కూర్చోబెట్టుకున్నామన్న సంగతి అతనికి ఇంజనీరింగు చదివేటప్పుడు గానీ తెలియలేదు. ఇక్కడెవడో దాన్ని మళ్ళీ కుర్చీ ఎక్కించాడు.

"మేడమ్, ఇది మా తెలుగు," అన్నాడు. ఆమె నమ్మలేదు. అతను వేలుపెట్టి సరిగమలు చదువుతుంటే ఆమె పై గీతల మీది చుక్కల్ని చూస్తూ పోయింది. ఒక్కటీ తప్పలేదు.

పేరు సంగతి బస్సులో తట్టింది. ఎ. పాయో. ఎ పాయో. అప్పాయో. అప్పయ్యో! వీధిలోంచి స్నేహితుడు కేకేసినట్టుంది. పక్కసీట్లో చైనా ముసలాయన ఉలిక్కిపడి చూశాడంటే మహీధర్ పైకే అరిచాడన్నమాట.

ఆ వారమే ఉగాది. తెలుగువాళ్ళు పచ్చడి పంచుకునే హాల్లో, మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్న వెంకటరావు అంకుల్‌ని పట్టుకున్నాడు. "పూర్వం వయొలిన్ వాయించిన అప్పయ్యగారని ఎవరైనా తెలుసా అంకుల్?"

వెంకటరావు పచ్చడి పొలమారేలా నవ్వాడు. "నూకాలమ్మ నీక్కూడా చెప్పేసిందేంటయ్యా! వాళ్ళ నాన్న దొరల కచేరీలో వాయించేవాడని అరవయ్యేళ్ళుగా చెప్తానే ఉంది పాపం. హార్బర్లో ఫిట్టరు ఆయన. ఆ హాల్లో కుర్చీలు తుడవడానికి వెళ్ళుంటాడులే."

చుట్టూ ఉన్నవాళ్ళూ కిటికీ వైపు చూసి నవ్వారు. అక్కడ ఒక్కతే కూర్చుని పులిహోర తింటున్న డెబ్భై ఏళ్ళ ఆవిడ తల ఎత్తలేదు. ఆ నవ్వు ఆవిడకు అలవాటైపోయినట్టుంది. మహీధర్‌కి ఒళ్ళు మండింది. తిన్నగా వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, మీ నాన్నగారి చేతిరాత నా దగ్గరుంది."

ఆదివారం పాసిర్ రిస్‌లో ఆవిడ ఫ్లాట్‌కి వెళ్ళాడు, పద్నాలుగు పేజీల జిరాక్స్ పట్టుకుని. "మకాన్ సేసినావా బాబూ?" అని, తిండికి మలే మాట వాడుతూ, జవాబుకి ఆగకుండా అన్నం పెట్టేసింది. అతను తింటున్నంతసేపూ ఆ కాగితాల్ని వేలితో నిమురుతూ కూర్చుంది.

"నాకు మాటొచ్చుగానీ రాత రాదు. తమిళ బడికెల్లినాను," అంది. "మా అయ్యకి మా తాత నేర్పినాడు, సికాకోలు కాడ. ఈడకొచ్చినాక మనీలా సావాసగాడొకడు దొరికినాడు. ఆడు మా ఇంటికొచ్చి 'అప్పయ్యో' అని పిలిసీవోడు. ఆడే మా అయ్యకి టోపీ ఎట్టి, తన సిన్నాన్న కొడుకని సెప్పి దొరకాడికి తీసుకెల్లినాడు. మనీలావోడూ నలుపే, మా అయ్యా నలుపే. దొరకేటి తెలుస్తాది?"

మహీధర్ నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"శనివారం శనివారం నాను ఎనకాలే ఎల్లి పక్కతలుపు కాడ నిలబడీదాన్ని. తొమ్మిదేళ్ళ గుంటని. ఓపాలి దొర నన్ను సూసి, ఎవులీ పిల్ల అని మా అయ్యనడిగినాడు." ఆవిడ కాగితం మీంచి వేలు తీసేసింది. "తెలీదు సార్, అనీసాడు."

కింద ఎవరో పిల్లలు సైకిలు బెల్లు కొడుతున్నారు.

"నా మొకం సూస్తూనే అన్నాడు బాబూ. ఆ తరవాత నానెల్లలేదు. ఆయన రమ్మనీ అనలేదు, అదేటనీ సెప్పలేదు. యుద్దంలో జపానోడొచ్చి రైలుపనికి తోలుకుపోయినాడు, మా అయ్య అక్కడే పోనాడు. నన్ను సూసి సిగ్గుపడ్డాడా, బయపడ్డాడా? అరవయ్యేళ్ళయింది, నాకిప్పటికీ తెలీదు." ఆవిడ అతని కళ్ళలోకి చూసింది. "ఇన్ని రాసుకున్నాడు గదా. నా మాటేటైనా రాసినాడేటి?"

ఆ పద్నాలుగు పేజీల్లో లేదు. బీరువాలో ఇంకా కట్టలున్నాయి. చూసి చెప్తానని మాటిచ్చి వచ్చేశాడు. తిరిగొచ్చేటప్పుడు ట్రైన్లో, జన్మలో మొదటిసారి, అతనికి ఏదో తెలుసుకోవాలంటే భయమేసింది.

సోమవారం మిస్ లిమ్ కట్టలు విప్పి ఇస్తుంటే ఒక్కొక్క పేజీ చదువుకుంటూ పోయాడు. మూడో కట్టలో దొరికింది. 'నూకాలు తలుపు కాడ ఉంది. అటు సూడకు. దొర కనిపెడతాడు.'

ఇది తీసుకెళ్ళి ఆ ముసలావిడకి ఎలా చదవడం? కట్ట మూసేసి, ఏమీ లేదని చెప్పేస్తే పోలేదా? మంచివాళ్ళెవరైనా ఆ పనే చేసుండేవారు. మహీధర్ జబ్బు మంచితనం మాట కూడా విననివ్వదు. పేజీ తిప్పాడు.

నెమ్మదిగా సాగే భాగం అది. గీతల మధ్య చుక్కలు లేవు, ఒక లావు అడ్డగీత, దాని మీద 16 అన్న అంకె. కింద పెన్సిల్ రాత.

"ఇదేమిటి మేడమ్?"

"అక్కడ రెండో వయొలిన్లకు పని లేదు. పదహారు ఆవర్తాలు మిగతావాళ్ళు వాయిస్తారు. వీళ్ళు వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టుకుంటూ ఊరుకోవాలి. ఏం రాశాడు?"

'పదారు కాళీ. నూకాలు కేసి సూడొచ్చు.'

దాని కింద, అంచువరకూ, ఒకే మాట వరసగా ఉంది. ఒక్కోసారి ఒక్కో పెన్సిల్, ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా. 'రాలేదు. రాలేదు. రాలేదు.' మహీధర్ లెక్కపెట్టాడు. పద్నాలుగు.

ఇంగ్లీషులో చెప్పాడు. తలుపు దగ్గరి పిల్ల కథ కూడా చెప్పాడు. మిస్ లిమ్ లేచి, అచ్చుకి సిద్ధమైన పుస్తకం అట్ట తీసి, 'అన్ని జాతులవారూ' అన్న వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

"అదేంటి మేడమ్? ఇప్పుడు నిజంగానే ఒక ఇండియన్ దొరికాడుగా!"

"ఇండియన్ కాదని చెప్పాడు కాబట్టే కూర్చోనిచ్చారు. అతన్ని చూపించి నేను గొప్పలు చెప్పుకుంటే, ఆ తలుపు దగ్గర నేను కూడా దొరనే అవుతాను." ఆమె గొంతులో కోపం ఉంది, ఎవరి మీదో ఆమెకీ తెలిసినట్టు లేదు. "పేరు అప్పయ్య అని మార్చు. జాతి ఇండియన్ అని పెట్టు. పక్కన రాయి, సొంతపేరుతో వస్తే మేము రానిచ్చేవాళ్ళం కాదు కాబట్టి ఇన్నాళ్ళూ తప్పు రాసుకున్నామని."

"అంత రాయడానికి ఆ కాలమ్‌లో చోటు లేదు మేడమ్."

"చోటు చెయ్యి లా. కట్టింది నువ్వే కదా."

రాత్రి కాకముందే చోటు చేశాడు. ఆ నెమ్మది భాగం ఎంత నెమ్మదో మిస్ లిమ్ చేత చప్పట్లు కొట్టించుకుని నేర్చుకున్నాడు కూడా.

ఆదివారం మళ్ళీ పాసిర్ రిస్. ఉన్నది ఉన్నట్టు చదివాడు. అటు సూడకు అన్నదీ దాచలేదు. నూకాలమ్మ కదలకుండా వింది. పద్నాలుగు 'రాలేదు'లూ చదివేవరకు ఆపమనలేదు. అవి అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని, కాగితం మీద ఆ అంకె ఎక్కడుందో చూపించమంది. వేలు దానిమీద పెట్టుకుంది.

"పదారంటే ఎంతసేపు బాబూ?"

నోటితో చెప్తే సరిపోదనిపించింది. మహీధర్ తొడమీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అది ఒక ఆవర్తం. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. ఫ్యాను తిరుగుతోంది. పక్క ఫ్లాట్‌లో ఎవరో కూర తాలింపు పెట్టారు. నాలుగైంది. ఏడైంది. నూకాలమ్మ కూర్చున్న చోటినుంచే, వీధి తలుపు దగ్గర, తొమ్మిదేళ్ళ పిల్ల నిలబడేంత ఎత్తున, ఖాళీగా ఉన్న చోటుకేసి చూస్తోంది. పన్నెండు దాటింది. అతనికి చెయ్యి నొప్పెట్టింది, అయినా తొందరపడలేదు. పదహారో ఆవర్తం పూర్తిచేసి చెయ్యి ఆపాడు.

"సానాసేపే సూసీవోడు," అంది నూకాలమ్మ.