మాటొచ్చేదాకా

ఎండ నడినెత్తికి వచ్చింది. సీమచామంతి పూలు బాగా విచ్చుకునేది ఆ వేళకే. కోతకు వచ్చిన ఆడవాళ్ళకు తల ఎత్తే వీలు లేనిదీ ఆ వేళకే. వహీబా వంచిన నడుం వంచినట్టే ఉంచి, వేళ్ళు దువ్వెనలా పెట్టి పూలతలలు దూసి, ఒడికి కట్టుకున్న సంచిలో వేస్తోంది. ఆమెకు ఎడమ పక్క సాలులో కోడలు ఇన్షిరాహ్, కుడి పక్క సాలులో కూతురు గలీలా. గట్టు మీద ఖర్జూరపు మట్టలతో అల్లిన బుట్టలో, పాత దుప్పటి నీడన, కోడలి కూతురు నదా పడుకుని ఉంది.

నదాకు ఎనిమిదో నెల. ఆ వయసు పిల్ల బుట్టలోంచి బయటికి పాకి మట్టి తిని తన్నులు తినాలి. నదా పాకదు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతుంది. ఏడుపు మొదలుపెట్టినా సగంలోనే అలిసిపోయి ఆపేస్తుంది. పోయిన వారం ఆరోగ్య కేంద్రంలో నర్సు పిల్ల కింది రెప్ప లాగి చూసి, "రక్తం ఏదమ్మా దీనికి? తల్లి పాలొక్కటీ చాలవిక. గుడ్డు పెట్టండి, మెత్తగా మెదిపి రోజూ పెట్టండి" అంది. ఇన్షిరాహ్ అత్త మొహం చూసింది. అత్త గోడ వైపు చూసింది.

వాళ్ళింట్లో మాటొచ్చేదాకా పిల్లలకు గుడ్డు పెట్టరు. గుడ్డు నాలుకను కట్టేస్తుందని వహీబా నమ్మకం. వాళ్ళ ఫయ్యూం జిల్లా పల్లెల్లో ఆ మాట అనే ముసలమ్మలు ఇంకా ఉన్నారుగానీ, వాళ్ళు ఒకపక్క అంటూనే మరోపక్క మనవల నోట్లో పెట్టేస్తుంటారు. వహీబా అలాంటిది కాదు. మిద్దె మీద కోళ్ళు ఆమెవి, గుడ్లు ఆమెవి. గంపకు తాళం లేకపోయినా ఆమె కళ్ళు కాపలా ఉంటాయి. గుడ్లలో కొన్ని పొదగడానికి, కొన్ని సంతకు, కొన్ని ఇటుకబట్టీలో పనిచేసే కొడుకు షిహాతాకు. ఇవన్నీ ఒక ఎత్తు. తెల్లారగానే ఉడికించిన ఒక గుడ్డు, ఇంట్లో ఇంకెవరికి ఉన్నా లేకపోయినా, గలీలా చేతిలో పెట్టాల్సిందే.

గలీలాకు ముప్ఫై దాటాయి. వినపడదు, మాట్లాడలేదు. ఊరంతా ఆమెను మూగది అనే పిలుస్తుంది. వినపడదు కదా అని ఎవరికీ మొహమాటం కూడా లేదు. పెళ్ళి కాలేదు, ఎవరూ అడగలేదు. ఇంటెడు చాకిరీ చేస్తుంది, మడిలో అందరికంటే ఎక్కువ కోస్తుంది.

"ఏం అదృష్టమోనే, ఆ ఇంట్లో గుడ్డు యోగం మూగదానికే పట్టింది" అని నవ్వుతుంది గలీలాకు అవతలి సాలులోని అష్రఫ్ వాళ్ళమ్మ. "మా అత్త నాకు పెంకు కూడా చూపించలేదు."

వహీబా ఆ మాట విననట్టే పూలు దూస్తుంది.

బుట్టలో పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే వహీబా చేతులు ఆగిపోయాయి. సంచి పక్కన పెట్టి గట్టు వైపు నడిచింది.

"ఏయ్, ఎక్కడికి?" మేస్త్రి దసూకీ గొడుగు కింద నుంచి అరిచాడు. "సాలు వదిలితే సంగతి తెలుసుగా!"

తెలుసు. సాలు వదిలినవాళ్ళకు మళ్ళీ సాలు ఇవ్వరు. గట్టు మీద కాచుకు కూర్చున్న కొత్తవాళ్ళు దిగిపోతారు. అన్ని మడుల్లోనూ అదే రివాజు. గలీలా ఒక్కతే ఇష్టమొచ్చినప్పుడు గట్టెక్కి నీళ్ళు తాగి వస్తుంది. వినపడని మనిషిని కేకలేసి ప్రయోజనం లేదని మేస్త్రి ఎప్పుడో వదిలేశాడు.

"దాని తల్లి కూడా సాలులోనే ఉంది బాబూ. ఒక్క నిమిషం."

వహీబా పిల్లను ఎత్తుకుంది. పెదవి చివర పచ్చగా ఏదో అంటుకుని ఉంది. పూల పుప్పొడి అనుకుని కొంగుతో తుడిచింది. పుప్పొడి అయితే రాలిపోవాలి, ఇది జిగురుగా సాగింది. వాసన చూసింది. గుడ్డు వాసన.

"ఇన్షిరాహ్!"

కోడలు తలెత్తింది.

"దీనికి గుడ్డు పెట్టావా?"

"లేదత్తా."

"పచ్చసొన మూతికి అంటుకుని ఉంటే లేదంటావేం? నర్సు చెప్పిన మాట నీకు శాసనమైందా? దీని నాలుక పడిపోతే నర్సొచ్చి మాట్లాడిస్తుందా?"

"అల్లా మీద ఒట్టు, నేను పెట్టలేదు."

"ఒట్టు కూడానా! దొంగముండా!"

అందరూ తలలెత్తి చూశారు. అష్రఫ్ వాళ్ళమ్మ నోరు మూసుకుని ముసిముసిగా నవ్వింది. ఇన్షిరాహ్ మొహం కందిపోయింది.

"పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. ఎలాగూ తిట్లు తప్పలేదు, పిల్ల కడుపైనా నిండేది."

గలీలా అందరి మొహాలూ చూసింది. ఏదో గొడవ జరిగిందని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. వంగి మళ్ళీ పూలు దూసుకుంది.

సాయంత్రం వాకిట్లో పొయ్యి మీద ఉల్లిపొట్టు వేసిన నీళ్ళలో గుడ్లు ఉడుకుతున్నాయి. మర్నాడు షమ్మెన్నసీమ్, వసంతం పండుగ. ఆ రోజు రంగు గుడ్డు తినని ఇల్లు ఆ దేశంలో ఉండదు. ఉడికిన గుడ్లను గలీలా ఒక్కొక్కటే నూనె గుడ్డతో తుడిచి పళ్ళెంలో పేరుస్తోంది. వహీబా ఒళ్ళో పిల్లను పెట్టుకుని, మడిలోంచి వచ్చినప్పటి నుంచీ అదే పని, గడ్డం పట్టుకుని నోరు తెరిపిస్తోంది.

"అనవే తల్లీ, ఏదో ఒకటి అను. 'మా' అను. 'బా' అను."

"బ్బ" అంది నదా, ఉమ్ము కారుస్తూ.

వహీబా ఒక్కసారిగా ఏడ్చేసింది. రొట్టెలు తీస్తున్న ఇన్షిరాహ్ ఆగిపోయింది. మధ్యాహ్నం నుంచి అత్తతో మాట్లాడకూడదని బిగబట్టుకుని ఉంది. అయినా మనసు ఒప్పలేదు.

"ఎందుకత్తా ఇంత భయం నీకు?"

వహీబా గలీలా వైపు చూసింది. గలీలా చూపు గుడ్ల మీద ఉంది. వినపడని మనిషి ముందు కూడా వహీబా గొంతు తగ్గించింది.

"ఇది మాట్లాడేదే."

"ఎవరు? వదినా?"

"ఏడాది నిండకముందే. నీళ్ళు చూస్తే 'అంబూ' అనేది. నన్ను చూస్తే 'మ్మా' అనేది. ఎంత ముద్దుగా అనేదో! పండుగనాడు నేనే, ఈ చేత్తోనే, రంగు గుడ్డు ఒలిచి జీలకర్ర అద్ది పెట్టాను. వేళ్ళు కూడా నాకింది. వారం తిరక్కుండా మాట పోయింది. నేనే పోగొట్టాను. కన్నతల్లిని, నా చేత్తో పెట్టి పోగొట్టాను."

"వారంలో ఇంకేమీ కాలేదా?"

"జొరమొచ్చింది."

"బాగా వచ్చిందా?"

"ఒళ్ళు పెనంలా కాలిపోయేది. మెడ వెనక్కి బిగుసుకుపోయింది."

"డాక్టరు ఏమన్నాడు?"

"సీమచామంతి పూలు కాచిన నీళ్ళు పట్టాను."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదా?"

ఉల్లిపొట్టు నీళ్ళు పొంగి పొయ్యిలో పడ్డాయి. వహీబా మంట తగ్గించలేదు.

"పూలు ముమ్మరంగా ఉన్నాయి అప్పుడు. దసూకీ వాళ్ళ నాన్నే మేస్త్రి. సాలు వదిలితే సాలుండదన్నాడు. బుట్టలో పెట్టుకుని మడికే తీసుకెళ్ళాను. గట్టు దాకా వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. ఏడుస్తూ ఉండేది. తరవాత ఏడుపు ఆపేసింది. తగ్గిందనుకున్నాను."

ఇన్షిరాహ్ పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది. మెల్లగా అంది.

"అది గుడ్డు వల్ల కాదేమో అత్తా. జొరం వల్లేమో."

"గుడ్డే!" వహీబా అరిచింది. పిల్ల ఉలిక్కిపడింది. "గుడ్డే అని ఊరంతా చెప్పింది. నాలుక కట్టుకుంటే చెవులు కూడా మూసుకుపోతాయని చెప్పారు. గుడ్డే!"

ఆమె అరుపులో కోపం కంటే బతిమాలడం ఎక్కువగా ఉంది. ముద్దుగా పెట్టిన గుడ్డు వల్ల బిడ్డ పాడైందంటే, తెలియక చేసిన తప్పని మోయొచ్చు. నాలుగడుగుల దూరంలో తను పూలు దూస్తుండగా బిడ్డ జొరంతో కాలిపోయిందంటే ఏ తల్లి మోస్తుంది? అందుకే ఇన్నేళ్ళూ గుడ్డునే పట్టుకుని వేలాడింది. ఆ గుడ్డు పేరు చెప్పి షిహాతాను పీలగా పెంచింది, ఇప్పుడు మనవరాలి మూతి తుడుస్తోంది. రోజూ పొద్దున్నే గలీలా చేతిలో గుడ్డు పెడుతుంది. అది ఎందుకో గలీలాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే సైగ వహీబాకు రాదు, నేర్చుకునే ధైర్యమూ లేదు.

పండుగనాడు పట్నంవాళ్ళు కాలువ ఒడ్డున చాపలు పరుచుకుని ఉప్పుచేపలూ ఉల్లికాడలూ తింటారు. కూలివాళ్ళు మధ్యాహ్నం నమాజు దాకా కోసి అప్పుడు పోవాలి. పూలకు పండుగ లేదని దసూకీ ఏటా చెబుతాడు, చెప్పి తానే నవ్వుతాడు. పొద్దున్నే ఇంట్లోవాళ్ళందరికీ తలా ఒక రంగు గుడ్డు ఇచ్చింది వహీబా. గలీలా తనది తినకుండా తలగుడ్డ కొంగులో ముడేసుకుంది. వహీబా అది చూసింది గానీ, తరవాత తింటుందిలే అనుకుంది.

సాలు సగం అయ్యేసరికి గలీలా ఎప్పటిలాగే గట్టెక్కింది. కూజాలో నీళ్ళు తాగింది. బుట్ట పక్కన గొంతుక్కూర్చుని కొంగు ముడి విప్పింది. గుడ్డు పెంకు తీసి, పచ్చసొన అరచేతిలో పెట్టుకుని, నాలుగు చుక్కల నీళ్ళు పోసి వేలితో మెత్తగా మెదిపింది. ఆ వేలు కనపడగానే నదా నోరు తెరిచింది. అలవాటున్న నోరు అది.

వహీబా సాలు మధ్యలోంచి మొక్కలు తొక్కుకుంటూ పరుగెత్తింది. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. సొన సగం నేలపాలైంది. నదా గుక్కపట్టి ఏడ్చింది. మధ్యలో ఆపకుండా, గట్టిగా ఏడ్చింది.

గలీలా గొంతులోంచి కోపంగా ఒక శబ్దం వచ్చింది. చెయ్యి విదిలించుకుని, ఎందుకు అన్నట్టు అరచెయ్యి తిప్పింది. చుట్టూ చూసింది, ఇన్షిరాహ్‌ను చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. ఎందుకు?

వహీబాకు ఇక తప్పించుకునే దారి లేకపోయింది. నేల మీద పడ్డ సొన చూపించింది. నోరు చూపించింది. రెండు వేళ్ళతో నాలుక పట్టుకుని దారం ముడి వేసినట్టు చేసింది. గలీలాను చూపించింది. తర్వాత తన రొమ్ము మీద అరచేత్తో కొట్టుకుంది. నేను. నీకు. నేనే పెట్టాను.

గలీలా నోరు తెరిచింది. నాలుక పూర్తిగా బయటపెట్టింది. పైకి ఎత్తింది, కిందికి దించింది, కొసతో పెదవి చుట్టూ తిప్పింది. ఎక్కడుంది ముడి, చూడమన్నట్టు తల్లి మొహం దగ్గరికి వంగింది. తర్వాత తల అడ్డంగా ఊపి, సొన అంటిన వేలు చెవి మీద పెట్టి రెండుసార్లు తట్టింది. చెవి తమ్మె మీద పచ్చటి మచ్చ మిగిలింది.

వహీబా ఆ మచ్చనే చూస్తోంది. తను గుడ్డు పెట్టింది నోట్లో. నోరు బాగానే ఉంది, నాలుక బాగానే ఉంది. చెవి మాట ఇన్నేళ్ళలో ఎవరూ గలీలాను అడగలేదు.

మిగతాది కూడా చెప్పాలనుకుంది వహీబా. బుట్ట చూపించింది. నుదుటి మీద చెయ్యి వేసుకుంది. సాలు చూపించబోయింది. చెయ్యి సగంలో ఆగిపోయింది. గలీలా ఆ చేతి వంక చూస్తూ ఎదురుచూసింది. ఎంతకీ కదలకపోయేసరికి తల తిప్పుకుని, అరచేతిలో మిగిలిన సొనలో మళ్ళీ వేలు ముంచి పిల్ల నోట్లో పెట్టింది. నదా ఏడుపు ఆపి చప్పరించింది.

"వహీబా!" దసూకీ గొడుగు కింద నుంచి లేచాడు. "సాలు వదిలి మొక్కలు తొక్కి ఏంటా ఆటలు? దిగు!"

అష్రఫ్ వాళ్ళమ్మ నడుం ఎత్తింది. ఇన్షిరాహ్ నడుం ఎత్తింది. గట్టు మీద కాచుకు కూర్చున్న కొత్త మనిషి చెప్పులు విడిచి దిగడానికి సిద్ధమైంది.

"దిగుతావా లేదా?"

"రాను" అంది వహీబా.

"ఏంటీ?"

"పిల్ల తింటోంది. తిన్నాక వస్తా."

"తిన్నాక వస్తే సాలుండదు. ఎరగవా నువ్వు?"

"ఎరుగుదును బాబూ. మీ నాన్న కాలం నుంచీ ఎరుగుదును."

ఆమె బుట్ట పక్కన చతికిలబడి, ఒడిలోంచి తన వంతు రంగు గుడ్డు తీసింది. పెంకు సరిగా రాలేదు, తెల్లసొనతో పాటు ముక్కలు ముక్కలుగా ఊడింది. కొత్త మనిషి ఆమె సాలులోకి దిగి వంగింది. వహీబా అటు చూడలేదు.

తన చేతిలో సొన అయిపోయిందని గలీలా ఖాళీ అరచెయ్యి తల్లి ముందు చాపి, ఆగింది.