జిల్లా పేజీలో నా ఫొటో

నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ సరళాదేవికి చూపు మందగించింది. ఎదురుగా ఉన్న మనుషుల్ని, పేపర్‌లో పెద్ద ఫొటోల్ని పోల్చుకుంటుంది గానీ, అక్షరాలు మాత్రం చీమల బారులాగా పాకుతాయంటుంది. అందుకని రోజూ పొద్దున్నే వరండాలో నవారు మంచం మీద ఆమె పక్కన కూర్చుని నేను పేపర్ చదవాలి, ఆమె వినాలి. ముఖ్యమంత్రి ఏమన్నాడో, వానలు ఎప్పుడు పడతాయో ఆమెకు అక్కర్లేదు. మొదట శ్రద్ధాంజలి ప్రకటనలు చదవాలి.

"ముందుగాల పోయినోళ్లెవలో చదువు. ఉన్నోళ్లు యాడికి పోతరే, మెల్లగ సూద్దాం" అనేది.

పోయినవాళ్లలో సగం మంది ఆమెకు ఏదో వరసకు చుట్టాలే. "అయ్యో, హుస్నాబాద్ మరిది పోయిండా! మంచోడే పాపం, ఎంగిలి చేత్తో కాకిని తోలకపోవుడు ఒక్కటే తక్లీఫ్" అని ఏడుపూ ఎగతాళీ కలిపి వడ్డించేది. నేను నవ్వు ఆపుకోలేక పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని. "నర్మదా, నీ గొంతు రేడియో లెక్కుంటదే" అని ఆమె అన్న రోజు కాలేజీకి గాల్లో నడిచి వెళ్లాను.

నేను కరీంనగర్‌లో జర్నలిజం చదువుతున్నాను. మాది ఆదిలాబాద్ జిల్లా, బోథ్ దగ్గర పల్లె. ఈ గది దొరికేముందు మంకమ్మతోటలో తిరగని గల్లీ లేదు. ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న, "మీరేంట్లోళ్లు బిడ్డా?" అని. నేను మా కులం ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. అప్పటిదాకా ఖాళీగా ఉన్న గది, నేను జవాబు చెప్పడం పూర్తయ్యేలోపే నిండిపోయేది. ఈ ఇల్లు చూడ్డానికి నాతోపాటు మంథని నుంచి వచ్చే నా క్లాస్‌మేట్ దీపిక కూడా వచ్చింది. వాళ్లు కాపోళ్లు. సరళాదేవి అదే ప్రశ్న అడిగితే, నేను నోరు తెరిచేలోపే దీపిక "మావోళ్లే పెద్దమ్మా" అనేసింది. నాకు ఇంకో గల్లీ తిరిగే ఓపిక లేదు. ఊరుకున్నాను.

మొదటిరోజు నేను ఆమెను "దొరసానీ" అని పిలిచాను. పెద్దిండ్లలో అట్లనే పిలవాలని నన్ను కన్న అవ్వ పోశవ్వ చెప్పి పంపింది మరి. సరళాదేవి దగ్గొచ్చేదాకా నవ్వింది.

"గా కాలం ఎప్పుడో పోయిందే. అమ్మమ్మా అను."

నాలుక మాట వినక మళ్లీ దొరసానీ అంటే, "ఏమన్నవ్?" అని చెవి మెలిపెట్టేది. "అమ్మమ్మా" అనేదాకా వదిలేది కాదు. నా సొంత అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆ పిలుపు రుచి నాకు ఈ ఇంట్లోనే తెలిసింది.

ఆ యేడు మా బాపు లింగమూర్తి పనిచేసే మస్కట్ కంపెనీ మూతపడింది. ఆయన ఖాళీ చేతులతో ఇల్లు చేరాడు. నా చదువు అక్కడితో ఆగిపోయేదే. అప్పుడు తెలిసింది బుచ్చిరాములు పేరు మీద ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి. బుచ్చిరాములు ఆదిలాబాద్ పల్లెల్లో తిరిగిన రిపోర్టర్, మావాడే. ఒక వార్త కోసం బండి మీద వెళ్తూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. జర్నలిజం చదివే దళిత, ఆదివాసీ పిల్లల కోసం ఆయన స్నేహితులు తలా ఇంత వేసుకుని దాన్ని నడుపుతున్నారు.

ఇంటర్వ్యూ ఆదిలాబాద్‌లో జరిగింది. అడిగింది కరుణాకర్ సార్, బుచ్చిరాములుతో కలిసి పనిచేసినాయన.

"జర్నలిస్టు ఎందుకు కావాలనుకుంటున్నవమ్మా?"

"మా వాడకట్టోళ్ల పేరు పేపర్ల రావాలంటె సావన్న సావాలె, తన్నులన్న తినాలె సార్. నడుమ బతికిన బతుకు ఎవలు రాస్తరు?" అన్నాను. ఎవరో నూరిపోసినట్టు గడగడా వచ్చేసింది. ఆయన ఆ మాటల్ని కాగితం మీద రాసుకున్నాడు.

నన్ను ఎంపిక చేశారు. తర్వాత ఒక సాయంత్రం సారే ఫోన్ చేశాడు.

"రేపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లా పేజీలల్ల వేస్తున్నరు నర్మదా, నీ ఫొటోతోని. హెడ్డింగ్‌ల దళిత విద్యార్థిని అని ఉంటది. నీకు ఏమన్న ఇబ్బంది ఉంటె చెప్పు, ఆపుదాం."

గది గుర్తొచ్చింది. గది పోతే ఇంకోటి వెతుక్కుంటాను, ఏడుస్తూనైనా. కానీ ఆ నవారు మంచం, ఆ పొద్దుటి చాయ్, చెవి మెలిపెట్టే చెయ్యి ఏ గల్లీలో దొరుకుతాయి? అయితే నా వార్త నేనే ఆపమంటే, రేపు ఇంకొకరి వార్త ఏ ముఖంతో రాస్తాను?

"ఏం లేదు సార్, వెయ్యుండ్రి" అన్నాను.

నా ధైర్యం వెనుక చిన్న ఉపాయం కూడా ఉందిలెండి. ఆ ఇంట్లో పేపర్ తెరిచేది నేనొక్కదాన్నే. కొడుకు దయాకర్‌రావుకు గ్రానైట్ వ్యాపారం, లోకమంతా ఫోన్లోనే. కోడలు స్పందన పొద్దున్నే ఉరుకులు పరుగుల మీద బడికి పోయే టీచరు. నేను ఆ ఒక్క వార్త దాటేస్తే అయిపోయె. వార్త ఆపడం ఎంత తేలికో చదువు పూర్తికాకముందే నాకు తెలిసిపోయింది.

తెల్లారింది. శ్రద్ధాంజలి చదివాను. వడ్ల ధర చదివాను. జిల్లా పేజీ రాగానే గబుక్కున తిప్పబోయాను. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. గా ఫొటో ఎవలిది?"

"ఎవరో అమ్మమ్మా."

"ఎవరో ఏందే! గా గులాబి చున్నీ నేను బతుకమ్మకు కొనిచ్చింది కాదా? నీ ఫొటోనే!"

అరచెయ్యి అడ్డం పెడితే సూర్యుడు ఆగుతాడా. ఆమె కర్ర కూడా తీసుకోకుండా లేచి గేటు దాకా పోయింది. "రమా! ఓ రమా! మా నర్మద ఫొటో పేపర్ల పడ్డదే! స్పందనా, బయటికి రా!" అని కేకలు. ఎదురింటి రమ పిండి చేతులతోనే వచ్చింది. స్పందన తల దువ్వుకుంటూ వచ్చింది. అమ్మమ్మ నన్ను మంచం నడిమధ్యన కూర్చోబెట్టి, పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

"గట్టిగ చదువు. వాడకట్టంత ఇనాలె."

"మా నర్మద" అంది అమ్మమ్మ. అది విన్నాక అబద్ధం ఎట్లా చదవను? అయినా, మంచి మార్కులొచ్చాయని రాశారు, అంటే చాలు. స్పందన తొంగి చూడకపోతే గట్టెక్కుతాను. కానీ ఇన్నాళ్లలో ఆమెకు నేను పేపర్‌లో లేని ముక్క ఒక్కటీ చదవలేదు. నన్ను చూసి ఆమె ఇంత సంబరపడుతున్న పూట అబద్ధం మొదలుపెట్టబుద్ధి కాలేదు.

"దళిత విద్యార్థినికి బుచ్చిరాములు స్మారక స్కాలర్‌షిప్" అని చదివాను. మొదటి మాట లోపలే ఉండిపోయింది.

"ఇనబడలే. మళ్ల చదువు" అంది అమ్మమ్మ.

మళ్లీ చదివాను, గట్టిగా.

ఆమె చెయ్యి ఉలిక్కిపడలేదు. మెల్లగా దాని బరువు తగ్గింది, తర్వాత నా భుజం మీంచి పైకి లేచింది. మంచంపట్టె కోసం తడుముకుని, ఆ చివరకు పోయి కూర్చుంది. ఆపమని ఎవరూ అనలేదు కాబట్టి నేను చివరిదాకా చదివాను. బోథ్ మండలానికి చెందిన లింగమూర్తి, పోశవ్వ దంపతుల కూతురు అన్నదాకా. రమ పొయ్యి మీద కూర ఉందని వెళ్లిపోయింది. స్పందన అత్తవైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది.

చాలాసేపటికి అమ్మమ్మ అంది, "గా ఒక్క ముక్క అండ్ల రాయకుంటె ఏమైతుండె బిడ్డా?"

"అది రాయకుంటె వార్తే లేదు అమ్మమ్మా."

ఆమె కర్ర అందుకుని లోపలికి పోయింది. సాయంత్రం నా గది దాకా వచ్చింది. ఎప్పుడూ తిన్నగా లోపలికొచ్చి నా బట్టలు మడతపెట్టే మనిషి, గడప అవతలే నిలబడింది.

"మా అన్న కొడుకు వంశీధర్ వస్తుండట. గది కావాలంటుండు. నెల నిండినంక జర సూసుకో. నాకేం లేదు బిడ్డా... పదిమంది ఏమన్న అంటరని."

వంశీధర్‌రావు రాడని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అబద్ధం చెప్పడం అలవాటు లేక ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నాకు ఆమె మీద జాలి కలగడమే అన్నిటికన్నా పెద్ద అన్యాయం అనిపించింది.

ఊరికి ఫోన్ చేస్తే అవ్వ సంబరంగా ఉంది. పేపర్‌లో ఆ ముక్క కత్తిరించి, అన్నం మెతుకులతో దేవుని పటం పక్కన అంటించిందట. వాడకట్టంతా వచ్చి చూసి పోతున్నారట. గది సంగతి చెప్పాను. "సంబరపడాల్నా బిడ్డా, ఏడ్వాల్నా?" అంది.

ఆ నెలంతా అమ్మమ్మ నన్ను పేపర్ చదవమని పిలవలేదు. పొద్దున్నే నేను మంచం దాటి కాలేజీకి పోతుంటే, మడత విప్పని పేపర్లు కిటికీలో పేరుకుపోవడం కనిపించేది.

దీపికే తిరిగి తిరిగి వేరే గది చూసింది, ఈసారి ఉన్నమాట చెప్పి. నేను వెళ్లే రోజు పొద్దున ఆటో వచ్చింది. సామాను వేసుకుని గేటు దాటుతుండగా వరండాలోంచి పిలుపు.

"నర్మదా."

ఆగిపోయాను.

"జర పేపర్ చదివిపో బిడ్డా. ఎవలెవలు పోయిండ్రో తెల్వక పరేషాన్ అయితుంది."

పేపర్ గేటు దగ్గరే పడి ఉంది. పిచ్చిమనసు ఎగిరి గంతేసింది. సంచి కింద పెట్టి, పేపర్ తీసుకుని, చెప్పులు విడిచి మెట్టు మీద కాలు పెట్టాను.

"అక్కడ్నుంచే చదువు బిడ్డా. నాకు ఇనబడ్తది."

కాలు వెనక్కి తీసుకున్నాను. ఆ పేపర్ ముఖాన కొట్టి పోవాల్సింది, దీపికైతే అదే చేసేది. నాకు కోపం వచ్చింది, ఆమె మీదా, ఆమె అడగ్గానే మడత విప్పిన నా చేతుల మీదా. అయినా గేటు దగ్గర నిలబడి చదివాను. మంథని లచ్చయ్య, రిటైర్డ్ టీచరు. మెట్‌పల్లి కనకవ్వ, పెద్దకర్మ ఆదివారం. ఎవరికీ ఆమె వరస కలపలేదు, ఎవరి పిసినారితనమూ తవ్వలేదు. చివరి పేరు కన్నీళ్లలో అలుక్కుపోతే రెండుసార్లు చదివాను. తలెత్తి చూస్తే ఆమె కూడా ఏడుస్తోంది. నిజంగానే ఏడుస్తోంది. లోపలికి రమ్మని మాత్రం అనలేదు.

పేపర్ మడిచి మెట్టు మీద పెట్టాను. చెప్పులు వేసుకున్నాను.

"పోయొస్త దొరసానీ" అన్నాను.

అని, నిలబడ్డాను. ఏమన్నవ్, అంటుందని. ఆటో అతను హారన్ కొట్టాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మంచిది బిడ్డా, పోయిరా" అంది.