ఒక్క రాత్రే, రాకుమారీ!

నేను ఒక మంత్రదండాన్ని. భయపడకండి, మిమ్మల్ని చిలకనో మేకనో చేసే ఓపిక నాకిప్పుడు లేదు. నిజం చెప్పాలంటే ఎప్పుడూ లేదు.

నాది పొనికి కర్ర. మద్రాసు స్టూడియోలో వడ్రంగం చేసే చినబ్రహ్మం నన్ను చెక్కాడు. అతని పెద్దలు కొండపల్లిలో బొమ్మలు చేసేవారట. మాంత్రికుడు పూటల తరబడి ఎత్తి పట్టుకోవాలి కనక తేలికైన కర్రను ఏరాడు. తలమీద కాగితం గుజ్జుతో పుర్రె పెట్టాడు. కళ్ళకు సైకిలు వెనక ఉండే ఎర్రద్దం ముక్కలు అతికించి లోపల చిన్న బల్బు బిగించాడు. దాని తీగ మాంత్రికుడి చొక్కా చేతిలోంచి నడుము దగ్గరి బ్యాటరీ దాకా వెళ్ళేది. నా అగ్నినేత్రాల రహస్యం అంతే.

పిల్లల మాసపత్రికలో రెండేళ్ళపాటు వచ్చిన జానపద నవలను అప్పుడు సినిమాగా తీస్తున్నారు. నవలలో నాకు మూడు శక్తులు. సముద్రాన్ని ఇంకించగలను, కొండను ఎగరేయగలను, మనిషిని రాయిగా మార్చగలను. డైరెక్టరుగారు మొదటిరోజే సముద్రాన్ని కొట్టేశారు. కొండను బండరాయికి కుదించారు. అట్టతో చేసిన ఆ బండను నల్లదారాలతో పైకి లాగుతుంటే దారం తెగి మాంత్రికుడి నెత్తిమీద పడింది. దాంతో అదీ పోయింది. చివరికి నాకు మిగిలింది రాయి చేయడం ఒక్కటే.

ఆ మాంత్రికుడు గొట్టుముక్కల పేర్రాజుగారు. తెరమీద ఆయన్ని చూసి పిల్లలు జడుసుకునేవారు. సెట్లో మాత్రం ఆయన జేబునిండా వేయించిన శనగలే. రాయి కావలసిన రాకుమారి హైమావతి. ఏలూరులో నాటకాలాడే అమ్మాయి. ఈ ఒక్క వేషం కోసం నాటక సమాజాన్ని వదులుకుని వచ్చింది. రాయి నుంచి మళ్ళీ మనిషయ్యాక మాంత్రికుణ్ణి నిలదీసే పేజీన్నర డైలాగు ఆమెది. ఆ పేజీన్నర కోసమే ఒప్పుకుంది.

అనుకున్న రోజు వచ్చింది. పేర్రాజుగారు నన్ను ఆమె భుజానికి తాకించారు. ఆమె చేతులు అడ్డం పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది. "కదలొద్దు!" అని కెమెరామన్ అరిచాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. కెమెరా ఆపారు. ఆమె మెల్లిగా తప్పుకుంటే, అదే భంగిమలో ఉన్న సున్నపు బొమ్మను అక్కడ నిలబెట్టారు. మళ్ళీ కెమెరా తిప్పారు. పని చేసింది వాళ్ళే, పేరు నాది. అయినా ఆ క్షణాన నా గుజ్జు బుర్ర గర్వంతో ఉబ్బిపోయింది.

సాయంత్రం మర్నాటి సీను రిహార్సలు చేశారు. నేను మళ్ళీ తాకగానే ఆమె ఊపిరి పీల్చుకుని, "నేనెంతసేపు ఇలా ఉన్నాను?" అంటుంది. రాకుమారుడు "ఒక్క రాత్రే, రాకుమారీ!" అంటాడు. ఆ మాట అందుకుని ఆమె మాంత్రికుడి వైపు తిరిగి పేజీన్నర మొదలుపెడుతుంది. ఆరోజు ఆమె డైలాగు చెబుతుంటే లైట్లు దించే మనుషులు కూడా పని ఆపి విన్నారు.

వెళ్ళబోతూ నవ్వింది. "బాబాయిగారూ, నన్ను మనిషిని చేసేదెప్పుడండీ?"

"రేపొద్దున్నే చేసేద్దావమ్మా. ఈ రాత్రికి రాయిలాగే పడుకో," అన్నారు పేర్రాజుగారు, నాలుగు శనగలు ఆమె చేతిలో పెట్టి.

పొద్దున ఆమె కిరీటం పెట్టుకుని వచ్చేసరికి సెట్టు విప్పేస్తున్నారు. జానపదాల కాలం చెల్లిందని ఎవరో నిర్మాత చెవిన వేశారట. ఆయన సాంఘికం మొదలుపెడుతున్నారు. కోట గోడలతోనే కథానాయకుడి పెంకుటిల్లు కట్టేశారు. మనుషుల మంత్రాల ముందు నావి ఏపాటివి! హైమావతి కిరీటంతోనే మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

తర్వాత నేను చాలా సినిమాలు, చాలా చేతులు మారాను. ఓ సాధువుకు ఊతకర్రనయ్యాను, ఓ ఇంట్లో పరదా కర్రనయ్యాను. రంగుల చిత్రంలో నాకు బంగారు పూత వేశారు. ఒక కన్ను ఊడిపోయింది, తీగ తెగిపోయింది. సామాన్లతోపాటు లారీ ఎక్కి హైదరాబాదు చేరాను. పేర్రాజుగారు పోయారని గోదాములో ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఇన్నేళ్ళూ నన్ను తొలిచింది చెదపురుగు కాదు. ఒక పిల్లను రాయిని చేసి అలాగే వదిలేశాననే బాధ.

మొన్న అదే నవలను మళ్ళీ సినిమాగా తీయడం మొదలుపెట్టారు. నన్ను బయటికి తీసి అన్ని వైపుల నుంచీ ఫొటోలు పట్టి కంప్యూటరుకు ఇచ్చారు. అందులో నేను సముద్రాన్ని ఇంకిస్తానట, కొండల్ని బంతుల్లా ఎగరేస్తానట. మాంత్రికుడి వేషం వేసే ధీరజ్ చేతిలో మాత్రం ఆకుపచ్చ ప్లాస్టిక్ గొట్టం ఉంది, దాని చోట తర్వాత కంప్యూటర్లో నా బొమ్మను అతికిస్తారట. పని అయిపోయిందని నన్ను గోడకు చేరేశారు.

ఆరోజు సింహాసనం మీద ఊరికే కూర్చునే ముసలి రాజమాత వేషానికి ఒకావిడ వచ్చింది. డైలాగు లేదు. మాటల్లేని వేషాలతోనే బతుకంతా గడిచిందని మేకప్ మనిషితో చెబుతోంది. ఆ గొంతు నేను పోల్చుకున్నాను. ఆవిడ నా ఒంటి కన్నును చూసి ఆగిపోయింది.

"బాబూ, ఒక్కసారి దీన్ని నా భుజానికి తాకించవూ?" అని ధీరజ్‌ను అడిగింది.

"ఎందుకమ్మా?"

"మా బాబాయిగారు రేపు చేస్తానన్నారు నాయనా."

అతనికేమీ అర్థం కాలేదు. అయినా పాపం, నన్ను తీసుకున్నాడు. ఆవిడ చేతులు అడ్డం పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది. అదే భంగిమ, వేలు కూడా తప్పలేదు. నేను తాకాను. ఆవిడ గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

"నేనెంతసేపు ఇలా ఉన్నాను?"

ఆ గొంతుకు సెట్టంతా తిరిగి చూసింది. ఆవిడ ఆగింది. నాటకంలో పెరిగిన మనిషి, ఎదుటివాళ్ళు మాట అందిస్తే గాని ముందుకు పోదు. పేజీన్నరా ఆవిడ పెదాల మీదే ఉంది. ధీరజ్ బిత్తరపోయి చూస్తున్నాడు. ఆ మాట తెలిసినవాళ్ళెవరూ అక్కడ లేరు, నేను తప్ప.

చినబ్రహ్మం నాకు కళ్ళు పెట్టాడు, పళ్ళు పెట్టాడు. నాలుక పెట్టలేదు.

"షాట్ రెడీ అమ్మా!" అని ఎవరో కేకేశారు. ఆవిడ నా తలమీద ఒకసారి చెయ్యి వేసి, వెళ్ళి సింహాసనం మీద కదలకుండా కూర్చుంది.

ఒక్క రాత్రే, రాకుమారీ! ఒక్క రాత్రే. ఇక నువ్వు మాట్లాడు తల్లీ.