కాటా దగ్గర ఆగిన బండి

ఉప్మా తాలింపు చిటపటల మధ్యనుంచి, వంటింటి ఫోనులో గౌరీశంకర్ గొంతు వినిపించింది. వేంకటరమణమూర్తి దినపత్రికను ముఖానికి అడ్డంగా మరికాస్త ఎత్తాడు గాని, దాన్ని చెవులకు కూడా అడ్డం పెట్టుకునే ఉపాయం దొరకలేదు.

"అందరికీ నమస్కారమండీ. ఈ రోజు ఏటంటే, అమెరికావోళ్ళు మన సరుకు మీద సుంకం ఎందుకేసేరు, మన రొయ్య అటెల్లకపోతే ఎటెల్తాది, అది సూద్దాం..."

వంటింట్లో జానకి నవ్వింది.

ఆ నవ్వే ఆయనకు గిట్టడం లేదు. ముప్ఫై ఏళ్ళు చోడవరంలో అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. దేవుణ్ణి, జాతకాన్ని, ప్రభుత్వ గణాంకాలను సమానంగా శంకించేవాడు. "ఎవరన్నారని కాదు, ఏమన్నారని చూడండి" అని ఏటా కొత్త విద్యార్థులకు మొదటి రోజునే చెప్పేవాడు. కాని ప్రపంచ వాణిజ్య సంస్థ ఎందుకు చతికిలబడిందో, డాలరు పెత్తనం ఎక్కడినుంచి వచ్చిందో భోజనాల దగ్గర వివరించబోయినప్పుడల్లా భార్య అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "మజ్జిగ పొయ్యనా?"

అటువంటి జానకి ఇప్పుడు, సహకార బ్యాంకులో సూపర్వైజరుగా చేసి దిగిపోయిన గౌరీశంకర్ వీధి వాట్సాప్ గ్రూపులో రోజూ పెట్టే మూడు నిమిషాల ప్రపంచ రాజకీయాన్ని గరిటె ఆపి మరీ వింటోంది. ఒక్కొక్క రోజు రెండోసారి కూడా వింటోంది. పోయిన వారం అంతకంటె కష్టమైన దృశ్యం మూర్తి కంట పడింది. పెరట్లో, కరివేపాకు మొక్క పక్కన నిలబడి, ఆమె ఫోనులో ఎవరికో చేతులు తిప్పుతూ ఏదో వర్ణిస్తోంది. ఈయన గుమ్మంలోకి రాగానే, "సరేనండీ, అలా చెప్పండి" అని పెట్టేసింది.

"ఎవరు?"

"గౌరీశంకర్ గారు. ఏదో అడిగేరు."

తనను అడగవలసినవాడు ఆమెను అడగడమేమిటి? ఈ ప్రశ్నను మూర్తి బయటికి అనలేదు. అసూయ అన్నది హేతువుకు నిలవని భావమని ఆయన నమ్మకం. అందుచేత తనకున్నది అసూయ కాదనీ, ప్రమాణాల పట్ల పట్టుదల మాత్రమేననీ తీర్మానించుకున్నాడు.

సుంకాల కబురుకు మరునాడు గౌరీశంకర్ హోర్ముజ్ జలసంధి గురించి మాట్లాడాడు. గల్ఫు చమురు ఓడలన్నీ దాటవలసిన ఆ ఇరుకు దారిని మూసేస్తామని అక్కడ మళ్ళీ బెదిరింపులు మొదలయిన రోజులు.

"హోర్ముజ్ అంటే మరేటో కాదండీ. చెరకు సీజన్లో ఫ్యాక్టరీ కాటా అనుకోండి. వడ్డాది నుంచీ, రోలుగుంట నుంచీ బళ్ళన్నీ తూకానికి అక్కడే వరసగట్టి ఉంటాయి. ముందు బండి ఇరుసు ఇరిగితే ఎనకున్నోడు పక్కనుంచి ఎల్లలేడు. కోసిన చెరకు ఎండిపోతంటాది. సిత్రం ఏటంటే, ఇరుసు ఇరగక్కర్లేదు. ఇరిగిందట అన్న మాట సంతకి సేరితే సాలు, బెల్లం రేటు ఎక్కేస్తాది."

జానకి ఈసారి నవ్వలేదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, పాట వెంట పాడుతున్నట్టు విన్నది. మూర్తికి ఉప్మా రుచించలేదు.

ఆయన ఖండన రాయడానికి కూర్చున్నాడు. "జలసంధి మూసుకోకుండానే, మూసుకుంటుందన్న పుకారు ధరను పెంచుతుందనడం, పిల్లి ఎదురైతే ప్రయాణం చెడుతుందనడం వంటిది. ధరను కదిలించేవి సరఫరా, గిరాకీలే గాని మాటలు కావు." ఉత్త బెదిరింపుకే ఓడల బీమా పెరిగిందని వారం కిందట తానే ఒక ఇంగ్లీషు పత్రికలో చదివిన సంగతి ఆ వాక్యం మధ్యలో జ్ఞాపకం వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి చుక్క పెట్టాడు.

"ఏటి రాస్తన్నారు, అంత కోపంగా?" అంది జానకి, కాఫీ అక్కడ పెడుతూ.

"కోపం కాదు. తర్కం."

గ్రూపులో పెట్టాడు. పొద్దుగూకే వేళకు గౌరీశంకరే గేటు తీసుకుని వచ్చాడు.

"రండి," అన్నాడు మూర్తి, రావద్దన్న స్వరంతో.

"మీది సదివేను మేస్టారూ. ఆ పిల్లిని కూడా తెచ్చి నా మీద వదిలేసేరు."

"నా విమర్శ వ్యక్తి మీద కాదు, విషయం మీద."

"అదే సెప్పడానికొచ్చేను. ఆ ఇషయం నాది కాదండీ. కాటా మాట జానకమ్మగారిది. హోర్ముజ్ మనోళ్ళకి ఎలా సెప్పాలండీ అనడిగితే ఫోన్లో సెప్పేరు. పేరెట్టొద్దన్నారు. తిట్లు నేను తింటే పర్లేదు గానీ, అవి ఆవిడకి తగల్తన్నాయి. బాగోదు."

పెరటి ఫోను సంగతి అప్పుడు అర్థమయింది. ఊరట మాత్రం కలగలేదు. ఆమెకు ప్రపంచం పట్టదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పట్టింది, ఆలోచించింది, ఆ ఆలోచనను మరొకరింటికి పంపింది. గౌరీశంకర్ గొంతు మీద అసూయ దీని ముందు చాలా చిన్నది.

"నాకు చెప్పొచ్చు కదా, జానకీ?"

గుమ్మంలో నిలబడ్డ జానకి ఆశ్చర్యంగా చూసింది. "మీకేం చెప్పను? మీరు చెప్పిందే కదండీ అది!"

"నేనా?"

"కువైట్ యుద్ధం రోజుల్లో. కిరసనాయిలు క్యూలో నిలబడి వచ్చి, ఎక్కడో కొట్టుకుంటే నా డబ్బాకేటి అని విసుక్కున్నాను. మీరు వంటింట్లో కింద కూర్చుని, పప్పు గిన్నె, చెంబు, గ్లాసులు అన్నీ బళ్ళలా వరస పెట్టి చూపించేరు. వింటా ఉండిపోయేను, వంకాయ మాడిపోయింది. ఆ మాడిందే తింటా ఇంకా చెప్తానే ఉన్నారు."

మూర్తికి జ్ఞాపకాల్లో ఎంత వెతికినా ఆ సాయంత్రం దొరకలేదు.

"మరి ఆ తరవాత?"

"తరవాత మీరు పుస్తకంలా చెప్పడం మొదలెట్టేరు. నేను మజ్జిగ పొయ్యడం మొదలెట్టేను."

గౌరీశంకర్ నవ్వు ఆపుకోవడానికి గేటు వైపు చూశాడు. ఆ చెంబులవాడెవరో, జానకి చేత వంకాయ మాడ్పించినవాడు, వాడి మీద మూర్తికి పుట్టిన మంట గౌరీశంకర్ మీద ఎన్నడూ పుట్టలేదు.

"నా ఖండనను ఉపసంహరించుకోవాలి," అన్నాడు చివరికి.

"రాయకండి, రెండు పేజీలవుతుంది," అంది జానకి. "మాటల్లో చెప్పండి."

"ఇది నొక్కి పట్టుకోండి మేస్టారూ. వదిలేస్తే గ్రూపులోకి ఎల్లిపోద్ది," అని గౌరీశంకర్ ఫోను చూపించాడు.

మూర్తి గొంతు సవరించుకున్నాడు. తన ఖండన తప్పని, ఉత్త బెదిరింపుకే ఓడల బీమా పెరుగుతుందని చెబుతుండగా జానకి అడ్డు తగిలింది:

"బీమావాడు అక్కడెక్కడో పెంచితే, అది నా వంటింట్లోకి ఎలా వస్తుందండీ?"

ఆ వంకాయ మాడిన రోజు తరవాత ఆమె తనను మజ్జిగ గురించి కాక మరేదైనా అడిగిందా అని తడుముకుంటూ మూర్తి వేలు వదిలేశాడు. ప్రశ్న వెళ్ళిపోయింది. జవాబు వెళ్ళలేదు.

"దీనికి రేపు సమగ్రంగా సమాధానం చెబుతాను," అని ఆయన పుస్తకాల బీరువా వైపు నడిచాడు.

తెల్లవారింది. వంటింట్లోంచి మొదట తన గొంతే వినిపించింది, దాని వెనక జానకి ప్రశ్న. మూర్తి పత్రికను దించి, ముందుకు వంగి విన్నాడు. అంతలో మరో గొంతు అందుకుంది:

"అందరికీ నమస్కారమండీ. జానకమ్మగారు అడిగిన దానికి జవాబు ఏటంటే..."

మూర్తి లేచాడు. చెప్పులు వెతుక్కోకుండానే వంటింట్లోకి నడిచాడు.

"ఆపు. అది నువ్వు నన్నడిగావు."

జానకి ఫోను ఆపింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, కింద కూర్చున్నాడు. పప్పు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. దాని వెనక రెండు గ్లాసులు పెట్టాడు.

"ఆ చెంబు ఇలా ఇయ్యి."

జానకి ముందుగా స్టవ్ కట్టేసి, అప్పుడు చెంబు అందుకుంది.